జిరాఫీ తలకి రక్తం ఎలా ఎక్కుతుంది? తల దించితే మెదడులో నరాలు చిట్లవా?

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో పొడుగు మెడ కొంగల్ని చూసి ఈ సందేహం వచ్చిందని అడిగినవారు అన్నారు. కొంగ సంగతి తేలికే, జిరాఫీ దగ్గరే అసలు చిక్కు.

రక్తాన్ని నిలువుగా మీటరు ఎక్కించాలంటే 77 మిల్లీమీటర్ల రక్తపోటు (బీపీ కొలిచే పాదరసం లెక్కలో) ఖర్చవుతుంది. బీపీ పట్టీ గుండె ఎత్తులోనే ఉండాలనేది అందుకే. చెయ్యి పది సెంటీమీటర్లు పైకి పెడితే రీడింగు ఏడెనిమిది తగ్గిపోతుంది. పెద్ద జిరాఫీకి గుండె నుంచి మెదడు దాదాపు రెండు మీటర్ల పైన. అంటే 150 దారిలోనే పోతుంది. అందుకే దాని గుండె దగ్గర సగటు పోటు 200 పైనే, మనకి 90-95. ఆ పోటు పుట్టించడానికి ఎడమ గది గోడ బాగా మందంగా, లోపలి ఖాళీ చిన్నగా ఉంటుంది.

మెడలో దిగే రక్తమే ఎక్కే రక్తాన్ని సైఫనులా లాగుతుందని కొందరంటారు. సైఫనుకి గట్టి గొట్టం కావాలి, సిర గోడ మెత్తన, లాగితే అణిగిపోతుంది. ఇంట్లో ఆవుంటే చూడండి. తలెత్తి నిలబడినప్పుడు మెడ పక్క గాడిలో సిర కనబడదు, అణిగి ఉంటుంది. గాడి కింది భాగంలో బొటనవేలితో గట్టిగా నొక్కిపట్టండి. కాసేపటికి వేలికి పైన, తల వైపు ఉబ్బుతుంది, వదలగానే దిగిపోతుంది. (నొక్కకుండానే ఉబ్బి ఉండి, గంగడోలు కూడా వాచిందంటే మేతలో ఇనుప తీగ మింగి ఉండొచ్చు. ఆలస్యం చెయ్యకుండా పశువుల డాక్టరుకి చూపించండి.)

ఇక నీళ్లకి తల దించినప్పుడు. మెడ సిరల్లో కవాటాలుంటాయి, గుండె వైపు రక్తం తలలోకి వెనక్కి పారనివ్వవు. తల నుంచి వచ్చే రక్తం లీటరుకి పైగా ఆ సిరల్లోనే నిలిచిపోతుంది. దాంతో గుండెకి చేరేది తగ్గి, అది తోసే పోటూ తగ్గుతుంది. పైగా పుర్రెలో మెదడు చుట్టూ ఉన్న ద్రవం పోటు కూడా అదే లెక్కన పెరుగుతుంది కనుక నాళం గోడకి లోపలా బయటా ఇంచుమించు సమానం. తల ఎత్తగానే నిలిచిన రక్తం ఒక్కసారి గుండెకి చేరి పోటు మళ్లీ లేస్తుంది.

మెదడు కింద ఉండే సన్న ధమనుల వల ఒకటే కాపాడుతుందని చాలాచోట్ల రాస్తారు. నాకు ఆ మాట పూర్తిగా ఒప్పుకోబుద్ధి కాదు. ఆ వల మేకకీ గొర్రెకీ ఉంది: తలకాయ కొట్టించి మెదడు తీశాక పుర్రె అడుగున పిట్యూటరీ గ్రంథికి అటూ ఇటూ చూడండి. దాని ముఖ్యమైన పని మెదడుకి వెళ్లే రక్తాన్ని చల్లబరచడం.

కొంగకి మెడ అరమీటరు అనుకున్నా ఖర్చు నలభై లోపే. దాని ఇబ్బంది వేరు, మెడ మెలితిప్పడం. చాలా పక్షుల్లో ధమనులు మెడ ఎముకల కింద గాడిలో, మధ్యగా సాగుతాయి కనుక ఎటు వంచినా నొక్కుకుపోవు. కుడి ఎడమ సిరల్ని పుర్రె మొదట్లో ఒక అడ్డ నాళం కలుపుతుంది. ఒకటి మూసుకుపోతే రక్తం రెండో దాంట్లోంచి దిగిపోతుంది.