చెరువుకు డబ్బులొచ్చాయి: ముందు పూడిక తీయాలా, కట్ట మీద బాట వేయాలా?

మీరు అడిగింది ఇదీ: పరకాల దిక్కున పల్లె, చెరువు చిన్నది. ఊళ్లో సగం మంది పూడిక తీద్దామంటున్నారు, సగం మంది కట్ట మీద నడక బాట, బతుకమ్మ ఘాట్ కడదామంటున్నారు. ఊరికి ఏది మేలు?

ముందు ఈ రెండూ కాదు. నీళ్లొచ్చే దారి, పోయే దారి చూడండి. మన దిక్కు చెరువులు గొలుసుకట్టు. పై చెరువు మత్తడి (నిండాక ఎక్కువ నీళ్లు పొర్లిపోయే గట్టు) దుంకితేనే కింది చెరువు నిండుతుంది. నడుమ కాలువను ఎవరో దున్ని మడిలో కలుపుకున్నా, లొట్టపీసు మొలిచి మూసుకున్నా, మీరెంత లోతు తవ్వినా అది ఎండిన గుంటే. అందుకని పై చెరువు మత్తడి దగ్గర మొదలుపెట్టి మీ చెరువు దాకా నీరటికాడితో (చెరువు నీళ్లు వదిలే ఊరి మనిషి) కలిసి కాలినడకన రండి. కాలువ ఎక్కడ ఇరుకైందో, రోడ్డు కింద ఎక్కడ చిన్న పైపు వేశారో రాసుకోండి. డబ్బులో మొదటి వాటా అక్కడికే పోవాలి.

పూడిక లెక్క చాలామంది తలకిందులుగా వేస్తారు. 20 ఎకరాల్లో అడుగు లోతు తీశారనుకోండి. అదనంగా నిలిచేది 20 ఎకరాల మీద అడుగు నీళ్లు. యాసంగి (రబీ) వరికి పంటకాలమంతా కలిపి దాదాపు 4 అడుగుల నీళ్లు కావాలి. అంటే ఒకసారి నిండితే పెరిగే ఆయకట్టు 5 ఎకరాలు, అంతే! అదే మట్టి సంగతి చూడండి. ట్రాక్టర్ ట్రాలీకి సుమారు 100 ఘనపుటడుగుల లెక్కన 8,000 ట్రిప్పులు దాటుతుంది. చెల్క (తేలికపాటి ఎర్ర) నేలకు అంగుళం మందం పరచాలంటే ఎకరానికి 35–40 ట్రిప్పులు చాలు. అంటే 200 ఎకరాలకు ఒండ్రు. నా లెక్కలో పూడిక పని చెరువు కోసం కన్నా చెల్కల కోసం. చెరువుల బాగుకు తెలంగాణ సర్కారు పెట్టిన మిషన్ కాకతీయలో తవ్వకం సర్కారు ఖర్చు, తోలకం రైతు ఖర్చు అని పెట్టారు. తోలుకునేవాళ్ల పేర్లు ముందే రాసుకోకపోతే తీసిన మట్టి కట్ట పక్కనే కుప్పలుగా పడి, తొలకరికి మళ్లీ చెరువులోకే జారుతుంది.

మట్టి తోలేముందు రెండు మూడు చోట్ల నమూనా తీసి భూసార పరీక్షకు ఇవ్వండి. ఎండిన పూడిక మీద తెల్లటి పొర కనిపిస్తే అది చౌడు, చేనుకు వద్దు. నల్లరేగడికి అసలే అక్కర్లేదు. తడి మట్టి పోస్తే గడ్డలు కట్టి ఆ ఏడు దుక్కి కూడా సరిగా రాదు. ఏప్రిల్, మే నెలల్లో ఎండిందే తోలాలి.

తవ్వేటప్పుడు రెండు తప్పులు ఎక్కువ. ఒకటి, కట్ట మొదట్లోనే తవ్వడం. జేసీబీకి దగ్గర, టిప్పర్‌కు సులువు, కట్టకు చేటు. కట్ట ఎత్తుకు కనీసం ఐదారింతల దూరం వదలండి. రెండు, బంకమట్టి పొర దాటి ఇసుక తేలేదాకా తీయడం. అప్పుడు చెరువు నీళ్లు ఆపదు, ఇంకిపోతాయి. తూము (చెరువు నీళ్లు కాలువకు వదిలే ద్వారం) గడప కన్నా కింద తీసినచోట నీళ్లు కాలువకెక్కవు. చేపలకు, పశువులకు, చుట్టుపక్కల బావులకు పనికొస్తాయి గనక మత్స్య సొసైటీ వాళ్లతో మాట్లాడి ఒకచోటే ఆ గుంట ఉంచండి.

ఇక కట్ట. పాత కట్ట మీద కొత్త మట్టి ఊరికే పోస్తే తొలి వానకే పెచ్చులా జారుతుంది. పాత వాలును మెట్లుగా కోసి, 20–25 సెంటీమీటర్ల పొరలుగా పోసి, నీళ్లు చల్లి, రోలర్ తిప్పాలి. మట్టిని పిడికిట్లో పిసికితే ముద్ద నిలవాలి, అరచేతికి అంటకూడదు. ఆ పదును దాటినా, చాలకపోయినా రోలర్ ఎన్నిసార్లు తిప్పినా దండగే. తూము పక్కన నీళ్లు కారుతుంటే గ్లాసులో పట్టి చూడండి. తేటగా వస్తే ఊట, గమనిస్తూ ఉంటే సరిపోతుంది. మట్టి రంగులో వస్తే కట్ట లోపల కోసుకుపోతోంది, బుంగ పడబోతోందన్నమాట. ఇంజనీరును పిలిచి తూము చుట్టూ విప్పి బంకమట్టి దట్టించాల్సిందే. పైన సిమెంటు పూస్తే ఆగదు.

మత్తడిని మాత్రం జానెడు కూడా ఎత్తనివ్వకండి. ఇసుక బస్తాలు వేద్దామని ఎవరో ఒకరంటారు. మత్తడి మట్టం నుంచి కట్ట తల దాకా 4–5 అడుగుల జాగా ఉండాలి, అది తగ్గితే పెద్ద వానకు గండే. పైగా ఎగువ పట్టా పొలాలు మునిగి పంచాయితీ.

శిఖంలో (చెరువు నిండితే మునిగే భూమిలో) సాగు చేసుకుంటున్నవాళ్ల సంగతి ఎవరూ ఎత్తరు. చెరువు నిండితే నష్టపోయేది వాళ్లే, తరచుగా వాళ్లే నిరుపేదలు. ఇరిగేషన్, రెవెన్యూ వాళ్లతో నిండు మట్టం హద్దురాళ్లు ముందే పాతించి, పట్టా శిఖమేదో సర్కారు శిఖమేదో తేల్చుకుని, గ్రామసభలో వాళ్లతో మాట్లాడాకే జేసీబీ దించండి. లేకపోతే పని నడుమ ఆగుతుంది.

బాట, ఘాట్ చివర్లో వేసుకోండి, తప్పేం లేదు. ఘాట్ మెట్లు తూముకు దూరంగా, మత్తడి కాలువకు అడ్డం రాకుండా ఉండాలి. వరంగల్ చూసి నకలు కొట్టకండి. నగరంలో చెరువు కట్టలు అందంగా అయినా, నాలాలు ఇరుకైన చోట 2020 ఆగస్టులో, 2023 జూలైలో కాలనీలు మునిగాయి. మురుగు కలిసే నగర చెరువు పూడికను పొలానికి తోలడమూ వద్దు.

నీళ్లు నిండాక తైబందీ (ఏ పంటకు ఎన్ని ఎకరాలకు నీళ్లన్న పంపకం) రాసుకోండి. యాసంగికి ఎన్ని ఎకరాలు వరి, ఎన్ని ఎకరాలు ఆరుతడి (తక్కువ నీళ్ల పంట) అన్నది నవంబరు చివరికి నీటి మట్టం చూసి తేల్చాలి, నాట్లు పడ్డాక కాదు.