ముహూర్తానికి పూజ, అతిథి వచ్చాక రిబ్బన్

తమ్ముడూ, కూకట్‌పల్లిలో నీ టిఫిన్ సెంటర్ ఓపెనింగ్‌కి ముహూర్తం గురువారం ఉదయం 9:20, ఎమ్మెల్యే గారేమో పదకొండు దాటాకే వస్తానన్నారు, ఏం చేయాలి అని అడిగావు కదా. ముహూర్తం మాత్రం వదలకు. ఆ టైంకి పూజ చేసి, గుమ్మడికాయ కొట్టి, పాలు పొంగించి, అమ్మ చేత బోణీ చేయించు. రిబ్బన్ ఆయన వచ్చాక కట్ చేయిద్దువు. గురువారం రాహుకాలం మధ్యాహ్నం 1:30కి గానీ మొదలవదు, కంగారు లేదు.

రిబ్బన్ పొద్దున్నే కట్టేయకు, వచ్చిపోయేవాళ్లంతా దాని కింద వంగి దూరాల్సి వస్తుంది. ఆయన కారు బయల్దేరిందని పీఏ చెప్పాక కట్టు, బిగుతుగా, ఛాతీ ఎత్తులో. కత్తెర సంగతి నా అనుభవంతో చెప్తున్నా. మా బట్టల షాపు ఓపెనింగ్‌లో పళ్లెంలో పెట్టిన కొత్త కత్తెరకి సాటిన్ రిబ్బన్ తెగలేదు. బ్లేడ్ల మధ్య మడతపడి నలిగింది. పెద్దాయన మూడుసార్లు నొక్కారు, నాన్న ముఖం చిన్నబోయింది. ఆ బాధ నీకొద్దు. ముందురోజే అదే రిబ్బన్ ముక్క మీద కోసి చూడు, పళ్లెంలో రెండో కత్తెర కూడా ఉంచు.

పూలు తెల్లవారుజామున గుడిమల్కాపూర్ మార్కెట్లో తెచ్చుకో, తాజాగా ఉంటాయి. పన్నెండున్నర దాటినా ఆయన రాకపోతే అమ్మ చేతే కట్ చేయించెయ్.