డీఎన్ఏలో సైటోసిన్ శాతం ఒక్కటే ఇస్తే మిగతా మూడు బేస్‌ల శాతాలు ఎలా లెక్కకట్టాలి?

అనంతపురం నుంచి ఇంటర్ బైపీసీ విద్యార్థి అడిగింది: 2,000 బేస్ జతలున్న డబుల్ స్ట్రాండెడ్ (రెండు పోచల) డీఎన్ఏలో సైటోసిన్ 22% ఉంటే అడినిన్‌లు ఎన్ని?

టెన్షన్ పడేంత లెక్క కాదు. డీఎన్ఏలోని నాలుగు బేస్‌లలో (డీఎన్ఏ పోచల్లో వరుసగా ఉండే రసాయన భాగాలు) అడినిన్ ఎదురుగా థైమిన్, గ్వానిన్ ఎదురుగా సైటోసిన్ ఉంటాయి కాబట్టి ఏ జతలోని రెండైనా సమానమే. ఇది చార్గాఫ్ నియమం. మీ ఊరి చేలో వేరుశనగకైనా, దాన్ని పండించే రైతుకైనా ఇదే వర్తిస్తుంది; మారేది శాతాలే.

సైటోసిన్ 22 అంటే గ్వానిన్ 22. రెండూ కలిపి 44. మిగిలిన 56లో సగం, అంటే 28% అడినిన్, 28% థైమిన్.

ఎక్కువమంది తప్పేది ఇక్కడే: 2,000 జతలంటే బేస్‌లు 4,000. అందులో 28% అంటే 1,120 అడినిన్‌లు. 560 అని రాస్తే మార్కు పోయినట్టే. జతలోని బేస్‌లను కలిపి ఉంచే హైడ్రోజన్ బంధాలు కూడా అడిగితే, అడినిన్-థైమిన్ జతకు రెండు, గ్వానిన్-సైటోసిన్ జతకు మూడు. 4,000లో 22% అంటే గ్వానిన్‌లు 880 కాబట్టి, 1,120×2 + 880×3 = 4,880.

శాతం ఒక పోచకే ఇచ్చారేమో చూసుకోండి. ఒక పోచలో అడినిన్ 30%, థైమిన్ 10% ఉండొచ్చు, సమానం కానక్కర్లేదు. ఎదురు పోచలో అవి తారుమారై, మొత్తం డీఎన్ఏలో చెరో 20% అవుతాయి. ఫై ఎక్స్ 174 వైరస్‌లాంటి ఒంటిపోచ డీఎన్ఏ అయితే ఈ లెక్కే పనికిరాదు.