నాలుగు జెర్బిల్స్‌లో ఒకదాన్ని విడదీశాం, మళ్లీ కలపాలా?

ప్రశ్న: మా ఇంట్లో నాలుగు ఆడ జెర్బిల్స్ (ఎలుకల్లాంటి చిన్న పెంపుడు జంతువులు) ఉన్నాయి, ఒకే ఈతలో పుట్టినవి. ఏడాది పాటు ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోయేవి. మా ఆయన ముచ్చటపడి రెండంతస్తుల పెద్ద కేజ్ తెచ్చారు, నేను పాత సామానంతా శుభ్రంగా కడిగి అందులోకి మార్చాను. అప్పట్నుంచీ కొట్లాటలే. మొన్న రాత్రి రెండు ముద్దలా చుట్టుకుపోయి దొర్లాయి, చిన్నదానికి తోక మొదట్లో రక్తం వచ్చింది. దాన్ని విడిగా పెట్టాను. ‘జంతువులన్నాక కొట్టుకుంటాయి, వాటి పెత్తనం అవే తేల్చుకుంటాయి, మళ్లీ పెట్టెయ్’ అంటారు మా ఆయన. పదేళ్ల మా పాపేమో అక్కచెల్లెళ్లని విడదీశానని నాతో మాట్లాడటం లేదు. మేమూ నలుగురం అక్కచెల్లెళ్లమే, ఇప్పుడు మా మధ్య మాటల్లేవు. వీటిని చూస్తుంటే నాకు నిద్ర పట్టడం లేదు. ఏం చెయ్యాలి?

జవాబు: దాన్ని మళ్లీ ఆ కేజ్‌లో పెట్టకండి. ఇవాళ కాదు, గాయం మానాక కూడా కాదు. రక్తం వచ్చేదాకా కొట్టుకున్న ఎదిగిన ఆడ జెర్బిల్స్ మళ్లీ కలిసి బతకడం అరుదు. కలిపిన మొదటి గంట బాగానే ఉన్నట్టు కనిపిస్తాయి, మీరు పడుకున్నాక మొదలెడతాయి, పొద్దున లేచి చూస్తే ఒకటి చచ్చిపడి ఉండొచ్చు. ఆ రాత్రి మీరు తీసి పక్కన పెట్టకపోతే చిన్నది దక్కేది కాదేమో. ఈ మాట మీ ఇంట్లో ఎవరూ అన్నట్టు లేరు కాబట్టి నేనంటున్నాను.

మీ ఆయన మాటని పూర్తిగా కొట్టిపారేయను. జెర్బిల్స్‌లో పెత్తనం ఉంటుంది, అది తేలేటప్పుడు కాస్త గోల కూడా ఉంటుంది. వెనక కాళ్ల మీద లేచి ముందు కాళ్లతో బాక్సింగ్ చేసుకోవడం, నోట్లో గింజ లాక్కోవడం, ఒకటి ఇంకోదాని మీదకెక్కడం, పొట్ట కింద ఉండే గ్రంథిని నేలకి రాస్తూ వాసన అంటించుకుంటూ తిరగడం, వీటికి మీరు అడ్డం పడక్కర్లేదు. కాసేపాగి అవే ఒకదాని బొచ్చు ఒకటి నాక్కుంటూ కూర్చుంటే సంసారం సజావుగా ఉన్నట్టే. కానీ ఎప్పుడూ ఒకటే తరుముతోంది, ఎప్పుడూ ఒకటే పారిపోతోంది అంటే అక్కడ పెత్తనం ఎప్పుడో తేలిపోయింది, ఇప్పుడు జరుగుతున్నది వెళ్లగొట్టడం. మంగోలియా గడ్డి మైదానాల్లో వీటి గుంపు అంటే ఒక జంట, వాటి పిల్లలు, అంతే. మామూలుగా పిల్లల్ని కనేది ఒక్క ఆడదే. పడనిది బయటికి పోతుంది, పోవడానికి బోలెడు నేలుంటుంది. మీ కేజ్‌లో చిన్నది గోడ దాకా పరిగెత్తి ఆగిపోతుంది, తరిమేదానికేమో ఇది ఇంకా పోలేదన్న సంగతి తప్ప ఇంకేం తెలీదు. ‘అవే తేల్చుకుంటాయి’ అన్న మాట అందుకే నాలుగ్గోడల మధ్య చెల్లదు.

ఇక ఎవరి వల్ల జరిగిందన్న పంచాయితీ. కొత్త కేజ్ పాత్ర ఉంది, కడగడం పాత్రా ఉంది, ఇద్దరూ మంచి ఉద్దేశంతోనే చేశారు. జెర్బిల్స్ ఒకదాన్ని ఒకటి గుర్తుపట్టేది వాసనతో. పాత చెక్కపొట్టూ గూడూ అంతా ఒకేసారి పోయి, ఉన్నట్టుండి చోటు రెట్టింపయితే, పైఅంతస్తు ఒకటి ఆక్రమిస్తుంది, కిందది ఇంకొకటి, మధ్యలో మెట్ల దగ్గర కాపలా. అయితే ఇదేమీ లేకపోయినా ఎదిగిన నాలుగు ఆడవి జీవితాంతం కలిసుంటాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. రెండేసి ఉన్న జంటలు నిలబడినట్టు పెద్ద గుంపులు నిలబడవు, అందులోనూ ఆడవాటి గుంపులు మరీను. కాబట్టి ఈ కేసు ఇక్కడితో మూసేయండి.

ముందు గాయం చూడండి. గోరువెచ్చని ఉప్పునీళ్లతో తుడవచ్చు, మనుషుల ఆయింట్‌మెంట్లు, నొప్పి మాత్రలు వద్దు. తోక మొదట్లో కాట్లు పైకి చిన్నగా కనిపించి లోపల చీము పట్టేవే ఎక్కువ, చిన్న జంతువుల్ని చూసే వెటర్నరీ డాక్టర్‌కి చూపించండి. ఎత్తేటప్పుడు దోసిలితో ఎత్తండి, తోక పట్టుకుంటే తోలు ఊడి చేతికొస్తుంది, మళ్లీ పెరగదు. వీలైతే కొట్టినదాన్ని కూడా ఒకసారి చూపించండి. అంతవరకూ నిమ్మళంగా ఉన్నది ఉన్నట్టుండి కరవడం మొదలెడితే చెవిలోనో పొట్ట మీది గ్రంథిలోనో నొప్పి ఉండొచ్చు.

మిగిలిన మూడింటి గురించి మీరు అడగలేదు కానీ నాకు భయం వాటి మీదే. ఒకటి బయటికి పోయాక తర్వాతి వంతు ఇంకోదానికి రావచ్చు. పైఅంతస్తు తీసేయండి. ఒకే ద్వారం ఉన్న ఇళ్లు తీసేసి రెండు వైపులా తెరిచున్న అట్ట గొట్టాలు పెట్టండి, లోపలున్నదాన్ని ద్వారం దగ్గర కాచుకుని పట్టుకునే వీలుండదు. తిండి గిన్నెలో కాకుండా చెక్కపొట్టు అంతటా చల్లండి, నీళ్ల బాటిల్ రెండు చోట్ల పెట్టండి, తవ్వుకోవడానికి కనీసం 20 సెంటీమీటర్ల లోతు ఉండాలి. ఇకమీదట శుభ్రం చేసినప్పుడు పాత పొట్టులో సగం, గూటి పీచు మొత్తం తిరిగి వేసెయ్యండి, కాస్త కంపు కొట్టినా సరే. తెల్లవారుజామున ఒకసారి గూడు చూడండి, మూడూ ఒక ముద్దగా పడుకుంటే మీరూ వెళ్లి పడుకోవచ్చు. ఒకటి అవి పరిగెత్తే చక్రం కిందో మూలలోనో విడిగా ముడుచుకుని ఉందా, బొచ్చు రేగి ఉందా, తోక మొదట్లో చిన్న పొక్కు కట్టిందా, అప్పుడు రక్తం దాకా ఆగకండి. అదీ కాక, మందపాటి గ్లవ్స్ ఒక జత కేజ్ పక్కనే ఉండాలి. ముద్దలా దొర్లుతున్నప్పుడు ఉత్త చేత్తో విడదీయబోతే అవి మిమ్మల్ని గుర్తుపట్టవు, ఎముక దాకా దిగుతుంది పన్ను. గ్లవ్స్ అందకపోతే మధ్యలో దళసరి అట్టముక్క దించండి.

పాపకి అబద్ధం చెప్పకండి. ‘కొన్నాళ్లాగి కలుపుదాం’ అని ఇప్పుడు గడిపేస్తే వచ్చే నెల ఇంతకంటే పెద్ద పేచీ. పదేళ్ల పిల్లకి గాయం చూపించి, ఇది మళ్లీ అక్కడికి వెళ్తే చచ్చిపోవచ్చని చెబితే అర్థమవుతుంది. ఏడుస్తుంది, ఏడవనివ్వండి. చిన్నదాన్ని చూసుకునే పని కొంత తనకే అప్పగించండి, రోజూ బరువు చూసి రాయడం, అట్టడబ్బాలు చింపి వెయ్యడం లాంటివి. మీ ఆయన్ని మాటలతో గెలవాలని చూడకండి. డాక్టర్ దగ్గరికి ఆయన్నే తీసుకెళ్లమనండి.

మీ అక్కచెల్లెళ్ల సంగతి ఒక్క వాక్యంలో రాసి దాటేశారు. మీ నిద్ర పోగొట్టింది జెర్బిల్స్ కాదేమోనని నా అనుమానం. వీటిని మళ్లీ కలపగలిగితే అక్కడ కూడా ఏదో అతుక్కుంటుందని మనసులో ఎక్కడో అనిపిస్తున్నట్టుంది, లేకపోతే ఇంత టెన్షన్ ఉండదు. ఆ ముడి ఈ కేజ్‌కి వెయ్యకండి. మనుషులకి ఫోనుంది, క్షమాపణ ఉంది, రెండేళ్ల తర్వాతైనా పలకరించుకునే వీలుంది. మిగతా ముగ్గురిలో ముందు ఎవరికి ఫోన్ చేస్తే ఎత్తుతారో మీకు తెలిసే ఉంటుంది.

చివరిగా చిన్నదాని ఒంటరితనం. ఇవి మూడు, నాలుగేళ్లు బతుకుతాయి, మిగిలిన కాలమంతా ఒక్కతే ఉండటం మంచిది కాదు. మూడూ ప్రశాంతంగా ఉన్నంతకాలం వాటిలోంచి ఒకదాన్ని లాగకండి, గాయం పూర్తిగా మానాక ఆరు నుంచి ఎనిమిది వారాల వయసున్న ఆడ జెర్బిల్ పిల్లని తెచ్చుకోవడం మేలు. నేరుగా ఒక చోట వదిలేయకండి. కేజ్ మధ్యలో, కిందా పైనా సందు లేకుండా, సన్న కన్నుల ఇనుప జాలీ బిగించి చెరో పక్క ఉంచండి, రోజుకి కొన్నిసార్లు ఆ పక్కది ఈ పక్కకి మార్చండి, ఒకదాని వాసనలో ఇంకొకటి పడుకునేలా. వారం పట్టొచ్చు, రెండు పట్టొచ్చు. రెండూ జాలీకి ఆనుకుని గూడు కట్టుకున్నాక, మీకు పూర్తిగా సెలవున్న రోజు చూసుకుని, ఇళ్లూ చక్రం ఏమీ లేని చిన్న చోట కలిపి గంటల తరబడి కళ్లార్పకుండా చూడాలి. కొత్తపిల్ల ఆడదేనని మాత్రం అమ్మినవాళ్ల మాట మీద నమ్మేయకండి, డాక్టర్‌తో ఖాయం చేయించుకోండి. పొరపాటున మగదైతే, అది ఎదిగి జతకట్టిన దాదాపు 25 రోజుల్లో పిల్లలొచ్చేస్తాయి, తల్లి ఈనిన రోజే మళ్లీ కట్టగలదు కూడాను.