శుభలేఖల మీద గోల్డ్ ఇంక్‌కి ఏ మెష్ వాడాలి?

స్క్రీన్ ప్రింటింగ్‌లో మామూలు రంగులకు వాడే 305 మెష్‌తోనే (అంగుళానికి 305 దారాలున్న జాలీ గుడ్డ) గోల్డ్ వేస్తే మెరుపు రాక, మట్టిరంగులో పడుతోందని మీ ప్రశ్న. ఇంక్ మార్చే ముందు మెష్ మార్చి చూడండి.

గోల్డ్ ఇంక్‌లో మెరిసేవి రాగి, జింకు కలిసిన లోహపు పలుకులు, సిల్వర్‌లో అల్యూమినియం. 305 మెష్‌లో కన్ను, అంటే దారాల మధ్య రంధ్రం, సుమారు 45 మైక్రాన్లే. పెద్ద పలుకులు పైనే ఆగిపోతాయి, జల్లెడలో రవ్వ మిగిలినట్టు. కిందికి దిగేది చాలావరకు మీడియమే, అంటే పలుకులు కలిపిన ద్రవమే. కాసేపటికి స్క్రీన్ కూడా పూడుకుపోతుంది.

కన్ను వెడల్పు పలుకు సైజుకి కనీసం మూడు రెట్లు ఉండాలి. ఆ సైజు కోసం ఇంక్ డేటా షీట్ చూడండి, లేదా షాపులో అడగండి. సన్న పౌడర్‌కి 200–230 మెష్ చాలు, చిన్న అక్షరాలూ నిలుస్తాయి. టీషర్టుల మీద మెటాలిక్ ప్లాస్టిసాల్ (బట్టల మీద వేసే ఇంక్)‌కి 86–110, గ్లిట్టర్‌కైతే 24–40 వాడతారు. అది చూసి శుభలేఖకి 110 పెట్టకండి: ఇంక్ మందంగా పడి త్వరగా ఆరదు, అంచులు మెట్లుమెట్లుగా వస్తాయి.

పౌడర్ విడిగా కొని కలుపుకునేవాళ్లయితే ఆ పూటకి సరిపడానే కలపండి. నిల్వ ఉంటే గోల్డ్ నల్లబడుతుంది. అప్పుడు ఏ మెష్ పెట్టినా మెరవదు.