బయోస్ రీసెట్‌కు బ్యాటరీ తీస్తే చాలునా?

ప్రశ్న: బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట పనిచేసే మూల ప్రోగ్రామ్‌లో) ఒక సెట్టింగు మార్చినప్పటి నుంచి నా ల్యాప్‌టాప్ తెర నల్లగానే ఉండిపోతోంది. మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీని తీసి పెడితే సరవుతుందా?

జవాబు: పాత మోడళ్లలో తరచుగా సరవుతుంది. ముందుగా చార్జర్‌ను, ప్రధాన బ్యాటరీని తప్పనిసరిగా వేరు చేయండి. వాటిలో ఏ ఒక్కటి ఉన్నా బోర్డుకు విద్యుత్తు అందుతూనే ఉంటుంది. తరువాత నాణెం ఆకారపు 3 వోల్టుల బ్యాటరీని, దానికి తీగలుంటే వాటిని లాగకుండా కనెక్టరునే పట్టుకొని ఊడదీసి, పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి ఉంచితే, బోర్డులో మిగిలిన విద్యుత్తు కూడా పోతుంది. 5 నిమిషాలాగి తిరిగి బిగించి, తేదీ, సమయం సరిచేసుకోండి. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలా సెట్టింగులు, ముఖ్యంగా బయోస్ పాస్‌వర్డు, విద్యుత్తు లేకున్నా చెరగని చిప్‌లో ఉంటాయి కనుక ఈ పద్ధతితో పోకపోవచ్చు. డిస్కుకు బిట్‌లాకర్ (విండోస్‌లో డిస్కులోని సమాచారానికి తాళం వేసే ఏర్పాటు) రక్షణ ఉంటే, రీసెట్ తరువాత అడగవచ్చు కనుక, ఆ తాళం తీసే రికవరీ కీని ముందే సిద్ధంగా ఉంచుకోండి.