అసలు బీరువాలో పెట్టు, పని జెరాక్స్‌తో చెయ్యి

కడప,
ఆదివారం రాత్రి

అల్లుడూ,

పొద్దున ఫోన్‌లో నీ గొంతు వింటూనే తెలిసింది, రాత్రంతా నిద్రపోలేదని. మూడు పెళ్లిళ్ల షూటింగు ఒకే హార్డ్‌డిస్క్‌లో ఉంచి, దాన్ని టేబుల్ అంచున పెట్టి, కేబుల్‌కు కాలు తగిలించుకుని కింద పడేశావు. తిట్టాల్సినవన్నీ మీ అమ్మ తిట్టే ఉంటుంది కాబట్టి నేను నేరుగా పనిలోకి వస్తా. ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతావని రాస్తున్నా.

ముందు ఆ డిస్క్‌ను కంప్యూటర్ నుంచి పీకెయ్. తగిలించిన ప్రతిసారీ 'ఫార్మాట్ చేయమంటారా' అని అడుగుతుందన్నావు కదా, టెన్షన్‌లో ఏదో ఒకసారి వేలు జారి 'ఓకే' మీద పడుతుంది. ఇంకెవరో ఫ్రిజ్‌లో పెట్టి తీయమన్నారన్నావు. వద్దు. బయటికి తీయగానే లోపల చెమ్మ పడుతుంది, ఉన్నది కాస్తా పోతుంది.

ఇప్పుడు ఒక్కసారి, పది సెకన్లు మాత్రం, మళ్లీ తగిలించి, దాన్ని కదపకుండా చెవి దగ్గరగా పెట్టి విను. సన్నగా తిరిగే శబ్దమే ఉంటే ఇంట్లోనే ప్రయత్నించొచ్చు. గోడ గడియారంలా టిక్, టిక్ అని కొడుతుంటే చదివే హెడ్డే దెబ్బతిందనుకో. లోపల తిరిగే పళ్లేనికీ హెడ్‌కీ మధ్య సందు వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. అది గీసుకుంటూ తిరిగితే ప్రతి నిమిషం నష్టమే. అప్పుడు ఏ సాఫ్ట్‌వేరూ పనికిరాదు. బెంగళూరులో డేటా రికవరీ ల్యాబులున్నాయి, అక్కడికే తీసుకుపోవాలి. స్క్రూలు విప్పి చూద్దామనే బుద్ధి మాత్రం పుట్టనీకు.

టిక్‌టిక్ లేదనుకుందాం. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర చూసుంటావు, అసలు దస్తావేజును ఎవరూ చేతుల్లో పట్టుకుని తిరగరు. అది బీరువాలో ఉంటుంది, పనంతా జెరాక్స్ కాపీతోనే నడుస్తుంది. ఇక్కడా అంతే. డిస్క్‌ను మొదటి సెక్టార్ (డేటా రాసే చిన్న గడి) నుంచి చివరిదాకా ఒక పెద్ద ఫైలుగా నకలు తీసి, ఆ తర్వాత వెతుకులాటంతా నకలు మీదే చేయాలి.

ఈ మాట నాకు ఊరికే రాలేదు. కొట్టు పెట్టిన కొత్తల్లో నీలాంటి స్టూడియో అబ్బాయే ఒక డిస్క్ తెచ్చిస్తే, నకలు తీయకుండా నేరుగా విండోస్‌లో ఉండే చెక్‌డిస్క్ నడిపా. తప్పులు సరిచేస్తుంది కదా అని ధైర్యం. అది సరిచేసింది దాని లెక్కలు. ఫోటోలు పోయి, ఫౌండ్ అనే ఫోల్డర్‌లో పేరూ ఊరూ లేని ముక్కలు వందల కొద్దీ మిగిలాయి. ఆ అబ్బాయి ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

నకలు తీయడానికి డీడీరెస్క్యూ అని ఉంది. ఆంటోనియో డియాజ్ డియాజ్ అనే ఆయన 2004 నుంచి రాస్తున్న ఉచిత సాఫ్ట్‌వేరు. పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు (విండోస్ లాంటిదే, ఉచితం) వేసుకుని, ఇన్‌స్టాల్ చేయకుండా 'ట్రై' అని నొక్కి లోపలికి పో. ప్యాకేజీ పేరు వెతికేటప్పుడు ముందు ఒక 'జీ' చేర్చు, జీడీడీరెస్క్యూ. నడిపేటప్పుడు ఆ జీ ఉండదు. పాడైన డిస్క్ బొమ్మ కనిపిస్తే దాని మీద క్లిక్ చేయకు, తెరవకు.

మన శనక్కాయ చేనులో కాయ పీకడం గుర్తు తెచ్చుకో. పదునున్న చోట చెట్టు పట్టి లాగితే కాయలన్నీ వచ్చేస్తాయి. నేల గట్టిపడిన చోట తెగి లోపలే ఉండిపోతాయి. అక్కడే కూర్చుని గీకుతూ ఉంటే మిగతా చేను ఎప్పటికయ్యేను? ముందు వచ్చేదంతా లాగేసి, ఆఖరున పరిగెకు పోతాం. డీడీరెస్క్యూ చేసేదీ అదే. మామూలుగా ఫైల్ కాపీ చేస్తే చెడిన చోట ఇరుక్కుని డిస్క్‌ను చంపేస్తుంది. ఇది చెడిన చోటు దాటుకుని ముందుకు పోయి, మంచిదంతా తీసుకున్నాకే వెనక్కి వస్తుంది. ఎక్కడెక్కడ ఏం మిగిలిందో మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది. కరెంటు పోయినా మళ్లీ అక్కడి నుంచే మొదలుపెడుతుంది.

ఆ మ్యాప్ ఫైలును డెస్క్‌టాప్ మీద పెట్టావో, అయిపోయావు. పెన్‌డ్రైవ్ ఉబుంటులో డెస్క్‌టాప్ ఉండేది ర్యామ్‌లో, అంటే కంప్యూటర్ తాత్కాలిక మెమరీలో. కరెంటు పోతే అదీ పోతుంది. నకలూ మ్యాపూ రెండూ కొత్త డిస్క్‌లోనే ఉండాలి. ఆ కొత్తది 2 టీబీది కొను, నీ 1 టీబీ నకలు మొత్తం ఇంకో 1 టీబీ దాంట్లో పట్టదు. ఫ్యాట్32గా ఫార్మాట్ చేయకు, అందులో 4 జీబీ దాటిన ఫైలు నిలవదు.

టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే కిటికీలో, ఎల్ఎస్‌బీఎల్‌కే కొడితే డిస్కుల పేర్లు, సైజులు వస్తాయి. నీది 931.5 జీ అని చూపిస్తుంది, కంగారుపడకు, 1 టీబీ అంటే అదే. ఆదేశంలో వరస ఇది: ముందు చెడిన డిస్క్, తర్వాత నకలు ఫైలు, చివర మ్యాప్ ఫైలు. ఎంటర్ కొట్టే ముందు వేలు పెట్టి రెండుసార్లు చదువు. 'ఫోర్స్' పెట్టమని అది అడిగితే వరస తారుమారైందనుకుని ఆగిపో, పెట్టకు. మొదటి విడత 'మైనస్ ఎన్'తో నడుపు, గీకుడు ఉండదు. అది పూర్తయ్యాక అదే మ్యాప్‌తో 'మైనస్ డీ', 'మైనస్ ఆర్ 3' పెట్టి రెండో విడత నడుపు. మంచి డిస్క్ అయితే మూడు గంటల పని. నీదానికి రెండు రోజులు పట్టినా పట్టొచ్చు. ఎండాకాలం కదా, ఫ్యాన్ కింద పెట్టు, మధ్యమధ్యలో చేత్తో కదిలించకు. 99.98 శాతం వచ్చిందని కేకలు పెట్టకు, 1 టీబీలో మిగిలిన ఆ 0.02 శాతమే 200 ఎంబీ. అందులో తాళి కట్టే ముక్క ఉంటే?

నకలు చేతికొచ్చాక పాతదాన్ని బీరువాలో పెట్టెయ్. టెస్ట్‌డిస్క్‌లో నకలు ఫైలును తెరువు. పోయిన పార్టిషన్ (డిస్క్‌లో ఫైళ్లుండే భాగం) దొరికితే ఫోల్డర్లు, పేర్లతో సహా కాపీ చేసుకోవచ్చు. అది కుదరకపోతేనే ఫోటోరెక్. ఈ రెండూ క్రిస్టోఫ్ గ్రెనియర్ చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్లే. ఫోటోరెక్ ఫైలు మొదట్లో ఉండే గుర్తును పట్టి వెతుకుతుంది, అందుకే పేర్లు రావు, ఎఫ్ తర్వాత అంకెలతో వేల ఫైళ్లు కుప్ప పోస్తుంది. ఫోటోలు బాగానే వస్తాయి. పొడవాటి వీడియోలు డిస్క్‌లో ముక్కలుగా పడి ఉంటే సగమే ఆడతాయి. మూడు పెళ్లిళ్లు కలిసిపోతాయి కూడా, చీరల రంగులు చూసి విడదీసుకోవాల్సిందే.

పెళ్లివాళ్లకు రేపు పొద్దున్నే ఫోన్ చేసి వారం గడువు అడుగు. డిస్క్ పడిందని చెప్పెయ్, తర్వాత వేరేవాళ్ల నోటి వెంట తెలిస్తే పరువు పోతుంది. మొదటి విడత అయ్యాక స్క్రీన్ ఫోటో తీసి నాకు పంపు. అర్ధరాత్రయినా పంపు, నేను చూసి చెప్పేదాకా రెండో విడత మొదలుపెట్టకు.

మీ మామ